కడిగేసిన పిట్టల స్లైడ్లు

మలేరియా స్లైడు చదవడంలో నర్సీపట్నంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. ఇరవై ఏడేళ్లుగా అదే పని. కొయ్యూరు కొండల నుంచి జ్వరాలు దిగివచ్చే రోజుల్లో అన్నం క్యారేజీ విప్పకుండా సాయంత్రం దాకా మైక్రోస్కోపు మీద వంగి ఉండేదాన్ని. పాజిటివ్ అయితే డబ్బాలో దాచాలి. నెగిటివ్ అయితే సబ్బునీళ్లలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ వాడుకోవాలి. గాజు పలకలు ఎప్పుడూ సరిపడా వచ్చేవి కావు. జ్వరం లేనివాడి రక్తం దాచుకుని ఏం చేసుకుంటాం?

పన్నెండేళ్ల కిందట, జువాలజీ చెప్పే మాష్టారొకరు ఒక అట్టపెట్టె పట్టుకుని మా ల్యాబుకి వచ్చారు. తాండవ రిజర్వాయరు నిండినప్పుడు మునగకుండా నీళ్ల మధ్య మిగిలే గుట్ట ఒకటుంది. అది ద్వీపం కిందే లెక్కన్నారు. అక్కడి పిట్టల్ని వలవేసి పట్టి, ఒక్కో చుక్క రక్తం తీసి వదిలేశారట. పిట్టలకీ మలేరియా వస్తుందని అప్పుడే తెలిసింది నాకు. ఏ క్రిమి ఎన్ని పిట్టల్లో ఉందో ఇప్పుడు రాసి పెడితే, కొన్నేళ్ల తరవాత మళ్లీ చూసినప్పుడు ఏది పోయిందో, ఏది కొత్తగా వచ్చిందో తేలుతుందని ఆయన ఆశ. పెట్టె నా చేతిలో పెట్టి జాగ్రత్త అన్నారు. నాకా జాగ్రత్త చెప్పేది, అనుకున్నాను. అన్నీ చదివాను, రిజిస్టరులో ఎక్కించాను, పాజిటివ్‌లు దాచాను. నెగిటివ్‌లు కడిగేశాను.

మాష్టారు రిటైరై వెళ్లిపోయారు. మూడేళ్ల కిందట, ఆయన పంపారంటూ కొయ్యూరు అమ్మాయి ఒకతె వచ్చింది. పీహెచ్‌డీ చేస్తోంది. అదే గుట్ట మీద, అవే జాతుల పిట్టల రక్తం మళ్లీ తీసి, పాతవాటితో పోల్చాలట. డబ్బా తీసిచ్చాను.

"మిగతా స్లైడ్లు ఏవండీ మేడమ్?"

"మిగతావేటి? నెగిటివ్‌లు. కడిగేశాం."

ఆ పిల్ల డబ్బాలో ఉన్నవాటిని మళ్లీ లెక్కపెట్టింది. నాకు ఒళ్లు మండింది. "రిజిస్టరులో అన్నీ ఉన్నాయి కదమ్మా. నా మాట మీద నమ్మకం లేకపోతే నీకు నువ్వే సూసుకో," అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకాన్ని నేను.

ఆ మరుసటి నెలలోనే తన కొత్త స్లైడు ఒకటి నా మైక్రోస్కోపు కింద పెట్టింది. గుండ్రంగా ఉండాల్సిన కణం రెండు కొసలా లాగినట్టు సాగి ఉంది. లోపల ఉన్నది మలేరియాకి దాయాదిలాంటి క్రిమి అట. దీన్ని దోమ మోయదు, వాగుల్లో పుట్టే చిన్న నల్ల ఈగ మోస్తుందట. "మీ రిజిస్టరులో ఇది ఒక్క పిట్టకీ లేదండి. ఈ తొమ్మిదేళ్లలోనే గుట్టకి సేరింది," అంది. ముఖం వెలిగిపోతోంది.

ఆ సాగిన కణాలు నేను చూశాను. పాత స్లైడ్లలోనే చూశాను. రక్తం సరిగ్గా పరవక కణాలు చిరిగాయనుకుని, మాష్టారి చేతిపనిని తిట్టుకుని, నెగిటివ్ అని రాశాను. ఆ మాట అప్పుడే ఆ పిల్లకి చెప్పాలి. చెప్పలేదు. స్లైడుకి వేసిన రంగు బాగోలేదన్నాను, లెన్సు మసకబారిందన్నాను. ఆడలేక మద్దెల ఓడు.

మూడు శీతాకాలాలు ఆ పిల్ల నాటు పడవలో గుట్టకి వెళ్లి వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ నా పక్క స్టూలు మీద కూర్చుని స్లైడ్లు చూసేది. కొత్త క్రిమి రాక మీదే థీసిస్‌లో పెద్ద అధ్యాయం రాసింది. నేనేమో లోకం మీద విసుక్కుంటూ తిరిగాను. కరెంటు పోతే విసుగు, పేషెంటు పేరు రెండుసార్లు చెబితే విసుగు. ఇంట్లో మా ఆయన ఏమైందని అడిగితే ఆయన మీదా విరుచుకుపడ్డాను.

పోయిన నెల ఒక కాగితం టైపు చేయించి తెచ్చింది. పాత స్లైడ్లు చదివిన మనిషికి ఈ క్రిమి ఒక్కదాంట్లోనూ కనిపించలేదని అందులో ఉంది. "బేగి సంతకం ఎట్టేయండి మేడమ్. సోమవారం థీసిస్ ఇచ్చేయాలి."

పెన్ను తీశాను. మూత పెట్టేశాను.

"నాకు కనిపించిందమ్మా. సిరిగిన కణాలనుకున్నాను."

"ఎన్నిట్లోనండీ?"

"లెక్కెట్టలేదు. నెగిటివ్‌ల్లో కలిపేసి కడిగేశాను."

"ఎప్పుడు గుర్తొచ్చిందండీ?"

"నువ్వు మొదటి స్లైడు సూపించిన రోజే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును, నేనూ ఒక మాట అని తేలిగ్గా ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ పిల్ల టైపు కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, నోట్‌బుక్‌లోంచి తెల్లకాగితం చింపి నా ముందు పెట్టింది. ఈ క్రిమి పాత రోజుల్లోనూ ఉందనీ, ఎన్ని పిట్టల్లో ఉందో ఇక ఎవరూ చెప్పలేరనీ, ఆ స్లైడ్లు కడిగింది నేనేననీ రాసి సంతకం చేశాను. చదువుకుంది. ఆ పిల్ల తాను కూర్చునే స్టూలును బల్ల కిందకి తోసింది.

"ఈ మూడేళ్లూ నా పక్కనే కూకున్నారు కదండీ."