రిసీవ్ చేసుకోవడానికి ఎవరూ రావద్దు

హనోయ్ నుంచి క్షేమంగా తిరిగొచ్చినందుకు వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మగారు అడిగారు. చెప్పనన్నాను. ఆవిడకు కారణం చెప్పలేదు. కారణం ఇది.

నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఏ ఊళ్లో దిగినా నా కోసం ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. చదువుకోడానికి గుంటూరు వెళితే స్టేషన్లో బాబాయి. పెళ్లయి చికాగోలో దిగితే చేతిలో చలికోటుతో మా ఆయన. ఆయన పోయాక శాంటా క్లారాలో చెల్లెలి ఇంటికి వెళితే బెలూన్లు పట్టుకుని దాని మనవలు. ఎవరూ ఎదురురాని ఊళ్లో, భాష తెలియని ఊళ్లో, వీపున ఒక సంచితో దిగి, నా బసకు నేనే దారి వెతుక్కుని చేరాలని చాలా ఏళ్ల కోరిక. చికాగో పక్కనే నేపర్‌విల్‌లో ఆసుపత్రి ల్యాబ్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక దానికి తీరిక దొరికింది.

అంతా నేనే చూసుకున్నాను. హనోయ్ పాతబస్తీలో బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్, ఒకదాని మీద ఒకటి బెడ్లుండే ఆడవాళ్ల గది, అందులో కింది బెడ్. నా మోకాలి సంగతి మెయిల్లో రాసి, కింది బెడ్ ఇస్తామని వాళ్లు జవాబిచ్చాకే బుక్ చేశాను. ఎయిర్‌పోర్ట్ బయట ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, దిగాక ఎటు తిరగాలో కాగితం మీద గీసుకున్నాను. నిండు సంచి వీపున వేసుకుని రోజూ మా వీధిలో నడిచాను. లేబుల్ లేని శాంపిల్‌ను ముట్టుకోని మనిషిని. ఏదీ గాలికి వదల్లేదు.

మా అమ్మాయికి ఒక్కదానికే చెప్పాను. అది చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చింది. మా తెలుగు ఆరాధన షామ్‌బర్గ్‌లో, అమెరికన్ల ఆరాధన ముగిశాక వాళ్ల హాల్లోనే జరుగుతుంది. అక్కడ ఒక సంగతి అందరికీ చేరాలంటే దాన్ని ప్రార్థన అంశం చేస్తే చాలు. ఆపరేషన్లు, లేఆఫ్‌లు, వీసా చిక్కులు, కుదరని సంబంధాలు అన్నీ అలాగే బయటికొస్తాయి. "ఒంటరిగా దూరదేశం వెళ్తున్న మన అక్కగారి కోసం" అని పాస్టర్‌గారు కళ్లు మూసుకుని మొదలుపెట్టగానే నాకు ఒళ్లు మండింది. వెనక వరసలో ఎవరో "అయ్యో ప్రభువా" అన్నారు కూడా. ప్రార్థన మధ్యలో లేచి కాదనే ఆచారం లేదు కాబట్టి నేనూ ఆమేన్ అన్నాను.

హనోయ్‌లో ఇమిగ్రేషన్ దాటి బయటికొస్తే, తెలుగులో నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. చుడీదార్ మీద స్వెటర్, ముఖం నిండా నవ్వు.

"వందనాలు ఆంటీ! అయ్యో, ఇంత బ్యాగ్ మీరు మోస్తున్నారేంటి, ఇలా ఇవ్వండి."

"నువ్వెవరమ్మా?"

"మాది కాకినాడండి. మావారు ఇక్కడ ఫార్మాలో చేస్తారు. మీ చర్చి వాట్సాప్ ప్రేయర్ గ్రూప్‌లో మా పిన్ని ఉందిగా, తనే మీ సంగతి ఫార్వర్డ్ చేసింది. మీ అమ్మాయితో కూడా మాట్లాడాను. పదండి, కారు బయటుంది."

"నేను బస్సులో వెళ్తాను. హాస్టల్ బుక్ చేసుకున్నాను."

"అది మీ అమ్మాయి క్యాన్సిల్ చేసేసిందిగా ఆంటీ! మా గెస్ట్‌రూమ్ రెడీగా ఉంది. దోసకాయ పప్పు కూడా చేశాను."

నా ఈమెయిల్ నాకు పెట్టిచ్చింది మా అమ్మాయే. పాస్‌వర్డ్ దానికి తెలుసు. నేను విమానంలో ఉండగా లోపలికి వెళ్లి నా బెడ్ రద్దు చేసింది. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"మమ్మీ, డోంట్ బీ మ్యాడ్. అది డార్మ్! తెలియని వాళ్లతో పడుకుంటావా? నీకు సిక్స్‌టీ ఎయిట్."

"నువ్వు కాలేజీకి వెళ్లినప్పుడు నీ రూమ్మేట్‌ని నేను క్యాన్సిల్ చేశానా?"

"దట్స్ డిఫరెంట్. ఇది సేఫ్టీ. ఆ ఆంటీ వాళ్లు చాలా నైస్."

"ఆంటీ ఏంటే? ఆ పిల్లది నీ వయసు."

"వాటెవర్ మమ్మీ. నువ్వు ప్లీజ్ తిను, పడుకో."

కారెక్కక తప్పలేదు. నేను ఫోన్లో ఉండగానే ఆ అమ్మాయి నా సంచి తీసుకెళ్లి డిక్కీలో పెట్టేసింది. నది మీద వంతెన దాటుతుంటే నేనెక్కాల్సిన బస్సు మా పక్కనే పోయింది. కిటికీ దించబోతే "పొగ ఆంటీ" అని ఆ అమ్మాయి తన వైపు మీట నొక్కి మళ్లీ పైకెత్తింది. వేలాది మోటర్‌సైకిళ్లు, ఫుట్‌పాత్ మీద పీటలంత ప్లాస్టిక్ స్టూళ్లు, వాటి మీద కూర్చుని వేడి గిన్నెల్లోంచి తింటున్న జనం. అంతా అద్దంలోంచి చూశాను.

వండిన అన్నం వదిలేసి లేచేంత కఠినత్వం నాకు రాలేదు. తిన్నాను. పప్పు బాగుంది. అదీ నాకు కోపమే తెప్పించింది. చెయ్యి కడుక్కుని సంచి వీపున వేసుకున్నాను.

"ఎక్కడికి ఆంటీ?"

"హాస్టల్‌కి."

"మీ అమ్మాయికి నేనేం చెప్పాలి? నన్ను తిడుతుంది."

"దాని బెడ్ కాదు, నా బెడ్ పోయింది. తిట్టాల్సింది నేను."

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "నేను ఇక్కడ దిగిన రోజు మావారు ఆఫీస్ పని మీద వేరే ఊళ్లో ఉన్నారు ఆంటీ. ఒక్కరూ రాలేదు. టాక్సీవాడికి అడ్రస్ చెప్పలేక రోడ్డు మీద ఏడ్చాను. అందుకే ఎవరొస్తున్నారని తెలిసినా పరిగెత్తుకుని వెళ్తాను."

జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు. "అలాంటి రోజు ఒకటి కావాలనే నేనింత దూరం వచ్చానమ్మా" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుని ఉంటుంది. కారు పంపిస్తానంది, వద్దన్నాను. లిఫ్ట్ దాకా వచ్చి, పెరుగన్నం డబ్బా నా సంచి పక్క జేబులో కుక్కి వెళ్లింది.

నేను గీసుకున్న దారి ఎయిర్‌పోర్ట్ నుంచి మొదలవుతుంది, ఆ అపార్ట్‌మెంట్ నుంచి కాదు. కాగితం ఎందుకూ పనికిరాలేదు. హాస్టల్ అడ్రస్ చూపించి, వేళ్లతో అడిగి, ఒక బస్సు తప్పెక్కి, దిగి, నడిచి చేరేసరికి దీపాలు పెట్టారు. ఆ సాయంత్రం కాస్త నాది. కానీ నా కోసం ఎవరూ లేని ఎయిర్‌పోర్ట్ గేటులోంచి బయటికి వేసే మొదటి అడుగు నాకు దొరకలేదు. ఆ ప్రయాణంలోనే తర్వాత వెళ్లిన ఊళ్లలో ఎవరూ ఎదురురాలేదు నిజమే. అప్పటికి మొదటి రోజు అయిపోయింది.

రిసెప్షన్‌లో కుర్రది కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది. కింది బెడ్లన్నీ ఇచ్చేశారట. పై బెడ్ ఒకటే మిగిలింది.

ఇనుప నిచ్చెన ఎక్కుతుంటే మెట్టుమెట్టుకూ మోకాలు కలుక్కుమంది. పైకి చేరి, ఊపిరి తీసుకుని, ముందు పాస్‌వర్డ్ మార్చాను. తర్వాత డైరీ తీశాను. ఆ పేజీలో కలం నొక్కుడు వెనకపేజీ మీద ఇప్పటికీ తడిమితే తెలుస్తుంది. ఈలోగా అమ్మాయి మెసేజ్ వచ్చింది, సేఫ్‌గా ఉన్నావా అని.

"నీ సేఫ్టీ పుణ్యమా అని నిచ్చెన ఎక్కి పడుకున్నాను" అని జవాబిచ్చాను.

తిరిగొచ్చి వారాలు గడిచాయి. అది ఇంకా సారీ చెప్పలేదు. నేను పాస్‌వర్డ్ చెప్పలేదు.