గడ్డం మీద పెచ్చు

పాత కుర్చీలకూ బల్లలకూ మెరుగు పెట్టడంలో ఆ వీధిలో పాలిష్ పిల్లను మించినవాళ్లు లేరు. ముప్ఫై ఏళ్ల మనిషిని ఇంకా పిల్ల అనడమేమిటంటారా, అది ఆ వీధివాళ్లనే అడగాలి. మందు పూసి, పాత వార్నిష్ పొక్కులు లేవగానే గీకి పారేస్తుంది. ఎక్కడ పెచ్చు లేచినా ఆమె వేళ్లు ఊరుకోవు.

అదే కొంప ముంచింది. మొటిమలు తగ్గాక, మిగిలిన మచ్చలకని చర్మం డాక్టరమ్మ ముఖానికి పీల్ చేసింది. అదీ మందు పూసి పైపొర రాల్చే పనే. "పొట్టు దానంతటదే రాలాలి. గిల్లావో, మచ్చ పడుతుంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మూడో రోజు గడ్డం మీద పెచ్చు లేచింది. ఇంకేముంది, పీకేసింది! అక్కడ పడిన నల్లమచ్చ పోవడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ దుకాణం వెనకగదిలోంచి బయటికి రాలేదు మహాతల్లి. వచ్చినవాళ్లతో మాటలన్నీ దుకాణంలో తోడుండే మామయ్యవే. ఆయనేమో ఎవరేమడిగినా సరేనంటాడు.

ఇప్పుడు చివరి పీల్ కూడా అయింది. ముఖం తేటపడింది. నిలబెట్టుకోవడమే మిగిలింది. ఈసారి చెడగొట్టుకుంటే మళ్లీ వెనకగదే గతి. అందుకే రుద్దకుండా కడుక్కోవడం, క్రీము, ఆపైన సన్‌స్క్రీన్, బయటికెళ్తే టోపీ.

"బల్లకి రెండు పూతలు చాలంటావు, మొహానికి ఇన్నా?" అన్నాడు మామయ్య.

"బల్ల ఎండలో తిరగదుగా!"

మూడో రోజు రానే వచ్చింది. గడ్డం మీద మళ్లీ పెచ్చు. పొద్దుట్నుంచీ వేళ్లు ఒకటే పీకులాట. చేతులు ఒళ్లో పెట్టుకుని వెనకగదిలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

అంతలో ముందుగదిలో ఎవరో పెద్దమనిషి గొంతు. తాతల నాటి టేకు బల్లకి తెల్లరంగు కొట్టాలట! "సరేనండీ" అంటున్నాడు మామయ్య.

అంతే, ఒక్క ఉదుటున వెళ్లి పడింది. "ఏంటండీ, ఇంత చక్కటి చెక్కకి సున్నం కొడతారా? ఈ చార చూడండి, ఇక్కడ, ఇలా వంగి చూడండి!" రెండు చేతులూ ఊపుతూ పావుగంట వాదించింది. పెద్దమనిషి వంగి చెక్క మీద చెయ్యి పెట్టి చూశాడు. చివరికి, "నీ ఇష్టమమ్మా, నువ్వే చెయ్యి" అని బల్ల వదిలి వెళ్లాడు.

మామయ్య కళ్లప్పగించి చూస్తున్నాడు. ఎందుకలా చూస్తున్నాడో ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత చెయ్యి గడ్డం దాకా వెళ్లి, పెచ్చును తాకకుండానే ఆగింది.

"నా మొహం సంగతే మర్చిపోయాను మామయ్యా" అంది.