అద్దం మీద అందని జానెడు

మా అత్తగారు పోయారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర తిని, "కొంచెం నడుం వాలుస్త" అని చాప మీద ఒరిగినావిడ మళ్ళీ లేవలేదు. "మంచాన పడి ఒకరితోని చేయించుకునే గతి నాకొద్దు" అని వచ్చినవాళ్ళందరితో అంటుండేవారు. ఆ కోరిక తీరింది. దాచడమెందుకు, ఏడుస్తూనే గుండె తేలికపడింది కూడా.

అయితే ఆమె నాకు అప్పగించి పోయిన కోరిక ఇంకొకటి ఉంది. దాని సంగతి చెప్పాలంటే మా ముందుగది గోడ దగ్గర మొదలుపెట్టాలి.

నేను బెజవాడ వైపు పిల్లను. మావారిది రాయచూరులో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం, ఉద్యోగం పవర్‌ప్లాంటులో. కాలనీ క్వార్టర్స్‌లో కాపురం పెట్టినప్పుడు ఉత్త గోడలు చూడలేక, హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో ఇష్టపడి కొన్న రెండు బొమ్మలు తగిలించాను. మా తాతల కాలంలో ఎక్కడో విదేశాల్లో వేసిన నైరూప్య చిత్రాల నకళ్ళవి, ఫ్రేము కట్టి అద్దం బిగించినవి. ఒకదాంట్లో బూడిదరంగు మీద తెల్లటి మరకలు. రెండోది నిండా ఎరుపు, ఆ ఎరుపులో ఒక పక్కగా నిలువునా నల్లటి గీత. మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడూ లేడు.

మామగారు పోయిన చాలా ఏళ్ళకు అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. గడపలో సంచీ దించుతూనే గోడ చూసి ఆగిపోయారు.

"ఎవరు పోయిండ్రు పిల్లా?"

"ఎవరూ పోలేదత్తయ్యా. ఊరికే, అందానికి."

"అందానికా! అద్దంల పెట్టేది దేవుళ్ళనన్న, పోయినోళ్ళనన్న. గిదేంది మరి, సున్నం రాలిందని అడ్డం పెట్టినవా?"

ఆ శుక్రవారం చూద్దును గదా, రెండు బొమ్మల అద్దాలకూ కుంకుమ బొట్లు! ఎందుకని అడిగితే, "ఎవరైతే ఏంది, ఇంట్ల ఉన్నోళ్ళకు బొట్టు పెట్టాలె" అన్నారు.

మా కాలనీలో పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు, ప్లాంటు బొగ్గు బూడిద అంతగా పడేది. బొమ్మలు తుడిచే పని అత్తగారు తనదే అన్నారు. మనిషి పొట్టి. చెయ్యి అందినంత మేర అద్దం తళతళలాడేది, పైన జానెడు బూడిద అలాగే ఉండిపోయేది. స్టూలు తెస్తానంటే "పైది దేవుడు తుడుస్తడు తియ్" అని నవ్వేవారు. పండగలకు మావారు తుడిచేవారు.

అలా తుడుస్తూ తుడుస్తూ ఎర్రబొమ్మ ముందు ఆగడం మొదలుపెట్టారు. ఒకరోజు టీ చల్లారిపోతోందని పిలిచినా కదల్లేదు.

"మా తల్లిగారి ఊరు జాలహళ్ళిల మిర్చి కల్లం గిట్లనే ఉంటుండె పిల్లా. ఎండబోసినంక ఎటు చూసినా ఎరుపే. అగో, ఆ నల్లగ నిలబడ్డది మీ మామ. నన్ను చూడనీకె వచ్చినోడు, ఇంట్లకు రానీకె సిగ్గై కల్లంలనే నిలబడ్డడు."

మామగారి ఫోటో సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఆయనది ఉన్నది ఒకే ఒక్క చిన్న గ్రూపు ఫోటో. ఆయన పోయాక స్టూడియోవాళ్ళు దాన్ని పెద్దది చేస్తూ, మర్యాదగా ఉంటుందని కోటు, టై తొడిగి, మీసం దిద్ది, రంగు తేల్చి ఇచ్చారు. మా వైపూ అంతే, పోయినవాళ్ళంతా గోడల మీద కోట్లు వేసుకునే ఉంటారు.

"ఎన్నడన్న కోటు తొడిగిండా మీ మామ? గా పరాయి మనిషికి బొట్టు పెట్టి పెట్టి అసలు మొఖమే మర్శిన బిడ్డా. గీ గీతల దొరికిండు. నేను పోయినంక నాకు ఫోటో గీటో కట్టియ్యకుండ్రి. ఇద్దరం గీడనే ఉంటం." నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నారు.

మాట ఇవ్వడం తేలికే. ఆమె పోయిన మూడోనాడే పెద్దకొడుకు, అంటే మా బావగారు, ఆమె ఆధార్ కార్డు మీది ఫోటో పెద్దది చేయిస్తానని స్టూడియోకు వెళ్ళారు. దినాలకు పీట మీద ఫోటో లేకపోతే నలుగురూ ఏమంటారు? ఆయన ఎదుట నేనెన్నడూ నోరు విప్పి ఎరగను, ఆ ఇంట్లో కోడళ్ళ పద్ధతి అది. మావారితో చెప్పిస్తే "ముసలామె ఏదో అన్నది తియ్" అని బావగారు కొట్టిపారేశారు. ఇచ్చిన మాట నీళ్ళపాలవుతుందని నాకు అన్నం సయించలేదు.

దినాల ముందురోజు ఫోటో తెచ్చి మా ముందుగదిలోనే విప్పారు. పట్టుచీర, మెడలో కాసులపేరు, పాలలాంటి ఒళ్ళు. ముఖాన ఒక్క ముడత లేదు. గడ్డం మీది పచ్చబొట్టు కూడా చెరిపేశారు. బావగారు చాలాసేపు చూశారు.

"గిది మా అమ్మనా?" అన్నారు తమ్ముడితో. "ఈమె ఎవరో నాకు ఎరుకలే. అమ్మ ఏమన్నదో మళ్ళొకసారి చెప్పు."

మావారు కల్లం సంగతి, నల్లగీత సంగతి అంతా చెప్పారు. ఆయన ఫోటోను మళ్ళీ కాగితంలో చుట్టేసి, ఎర్రబొమ్మ ముందు నిలబడి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"పీట మీద గిదే పెడదాం. అడిగినోళ్ళకు నేను చెప్త."

వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డ నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళూ మోసిన బరువు అక్కడే దిగింది.

ఆయన బొమ్మను దించబోతూ పైన బూడిద చూశారు. పొడుగు మనిషి కదా, తువ్వాలు చేతికి చుట్టి పైకెత్తారు.

"బావగారూ, అక్కడ తుడవకండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అత్తయ్య చెయ్యి ఆ బూడిద అంచుదాకే అందేది."

ఎత్తిన చెయ్యి ఆయన మెల్లగా దించేశారు.

ఇప్పుడు ఆ బొమ్మ మళ్ళీ గోడ మీదే ఉంది. రోజూ తుడుస్తున్నది నేనే. ఆమె వేళ్ళు ఆగినచోట బూడిద అంచు వంకరటింకరగా కనిపిస్తుంది. నా చెయ్యి ఇంకా పైకి అందుతుంది, కానీ అక్కడ ఆపేస్తాను.