పెద్దమ్మ చెవుల్లో పద్యం

ఎమ్మిగనూరు నుంచి, పెద్దమ్మ అద్దెకుండే ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆదోనిలో, పనిచేసే దుకాణంలో చీరలు మడతపెడుతున్నాను. "పాపా, మీ పెద్దమ్మ పొద్దున లేయల్యా. పిలిసినా, కదిలిచ్చి సూసినా. పోయింది పాపా," అన్నది. చీరను అలాగే వదిలేసి బస్టాండుకు నడిచాను. బస్సులో కూర్చున్నాక, ఇక ఆదివారం వస్తే ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియదని అర్థమైంది.

ఆమె మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆమె ఒక్కతే. ఆమెకూ నేనొక్కదాన్నే. వయసులో ఉండగా ఆదోని జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరింది. ఆ యంత్రాల రొదలో ఏళ్లు గడిచి చెవులు మందగించాయి. తన మాట తనకే వినపడక గట్టిగా మాట్లాడేది. కొత్తవాళ్లు కొట్లాడుతోందనుకునేవారు.

పెద్దనాన్న మగ్గం నేసేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలాడితే పద్యాలు పాడేవాడు. మంచాన పడ్డాక, ఓపిక ఉన్నప్పుడల్లా కొన్ని పద్యాలు ఫోన్లో పాడి పెట్టాడు. ఆయన పోయాక ఆ ఫోనూ పాడైపోతుంటే, పెద్దమ్మ ఆ పద్యాలను అరచేతిలో ఇమిడే పాటల ప్లేయర్లోకి ఎక్కించుకుంది. ఆ ప్లేయర్లో ఇంకేమీ లేవు.

ఆమెకు వినపడాలంటే శబ్దం బాగా పెంచాలి. గోడ అవతల పోర్షన్లో చంటిబిడ్డ. "బిడ్డ పండుకోనుంటాది," అని తనే ఆపేసేది. అందుకే ఆమెకు వైరు లేని హెడ్‌ఫోన్లు కొన్నాను. ముందు నా ఫోనుకు కలిపి పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, తర్వాత ఆమె ప్లేయరుకు కలిపి తలకు పెట్టాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "దగ్గరికొచ్చినాడు పాపా!" అన్నది, వీధికంతా వినపడేలా.

వారమంతా బాగా పనిచేసేవి. ఆదివారం నేను వెళ్లగానే, నాకు చూపించాలని ఆన్ చేసేది. లైటు వెలిగేది. ప్లేయర్లో పద్యం నడుస్తున్నట్టు కనపడేది. చెవుల్లో మాత్రం ఏమీ ఉండేది కాదు. నేను రెండూ ఆపి మళ్లీ ఆన్ చేసేదాన్ని. చార్జింగ్ పెట్టేదాన్ని. ప్లేయరును హెడ్‌ఫోన్ల పక్కనే పెట్టి చూసేదాన్ని. విసుగొచ్చి ఒకసారి ప్లేయర్ మీద అరిచాను. "దాని మీద అరిస్తే దానికి వినపడతాదా? నాకే వినపడదు," అన్నది.

మొదట్లో నవ్వేది. "నువ్వొస్తే మీ పెద్దనాయన నోరు తెరవడంల్యా. ఆడపిల్ల ముందర సిగ్గేమో." తర్వాత తర్వాత నవ్వడం మానేసింది. "ఇట్లే ఒకరోజు మొత్తానికే ఆగిపోతే ఎట్ల పాపా?" అన్నది.

ఇద్దరం ఆదోని వచ్చి, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో చూపించాం. అక్కడి మనిషి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ప్లేయర్లో ఉండేదంతా తుడిసేసి మొదటి నుంచి పెడితే సరిపోతాది పెద్దమ్మా," అన్నాడు. నేను ఆమె చెవి దగ్గర ఆ మాట చెప్పాను. ఆమె బల్ల మీదున్న ప్లేయరును తీసుకుని గుప్పిట్లో మూసుకుంది.

"దీంట్లో ఉండేది ఆయనొక్కడే అప్పా. తుడిసేస్తే ఇంగ యాడ దొరుకుతాడు?"

ఆ మనిషి హెడ్‌ఫోన్లను మా వైపు జరిపాడు. తిరుగు బస్సులో ఆమె గుప్పిలి విప్పలేదు.

ఇంటికి చేరాక, చివరిసారి చూద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆన్ చేసుకుంది. అదే సమయానికి మా దుకాణం సేటు ఫోన్ చేశాడు. నేను ఎత్తి ఎన్నిసార్లు హలో అన్నా నాకేమీ వినపడలేదు. పెద్దమ్మ ఉలిక్కిపడి రెండు చేతులతో చెవులు పట్టుకుంది.

"పాపా, ఎవరో మాట్లాడతాండాడు! తాళంచెవి యాడ పెట్టినావని అడుగుతాండాడు. మీ పెద్దనాయన కాదు!"

అప్పుడు తెలిసింది. మొదట నా ఫోనుకు కలిపాను కదా, నేను దగ్గరుంటే ఆ హెడ్‌ఫోన్లు ముందు నా ఫోనునే పట్టుకుంటున్నాయి. ఇక ప్లేయరుకు దారి లేదు. నా ఫోన్లో వాటి పేరు తీసేసి, మళ్లీ ప్లేయరుకు కలిపాను. ఆమె కాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత తల ఊపడం మొదలుపెట్టింది. ఆయన వచ్చాడని నాకు అలా తెలిసింది.

విషయం చెబితే పకపకా నవ్వింది. "నేను ఆయన కోసరం సూస్తాంటే ఇవి నీ యెంట పడినాయా!"

ఆ తర్వాతి ఆదివారాల్లో ఏ ఇబ్బందీ రాలేదు. నేను బొరుగుల ఉగ్గాని పొట్లం కట్టించుకుని వెళ్లేదాన్ని. ఇద్దరం తినేవాళ్లం. తిన్నాక ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. నేను ఎదురుగా కూర్చునేదాన్ని. నిజానికి పద్యం ఆగిపోయిన ఆదివారాల్లోనే ఆమె నాతో ఎక్కువ మాట్లాడింది. మిల్లు కబుర్లు, మా అమ్మ చిన్నప్పటి కబుర్లు అన్నీ అప్పుడు చెప్పినవే. అయినా ఆమె మొహం చూస్తే, బాగుచేయకుండా ఉండాల్సిందని ఒక్కసారీ అనిపించలేదు.

ఇప్పుడు ప్లేయర్ నా దగ్గరుంది. ఒకసారి విన్నాను. పెద్దనాన్న గొంతు బాగానే ఉంది, మధ్య మధ్య ఆయాసం. పెద్దమ్మ గొంతు ఎక్కడా లేదు. ఆ గొంతును దాచిపెట్టాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

మేం కలిసిన ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని గడప దగ్గర, ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుంది. మోకాలి మీద అరచేత్తో తాళం వేస్తూ, ఉన్నట్టుండి తనూ రాగం అందుకుంది. శ్రుతి లేదు, మాటలు సగమే వస్తున్నాయి. తను పైకి పాడుతున్నానని కూడా ఆమెకు తెలియదు. ఆ పద్యం నాకు వినపడదు కాబట్టి, ఆయన ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ ఎత్తుకుంటున్నాడో ఆమె పెదవుల్ని బట్టే పోల్చుకుంటున్నాను. పద్యం చివరికొచ్చినట్టుంది. మెడ నరాలు తేలేలా, కళ్లు గట్టిగా మూసుకుని, ఆమె ఆ రాగాన్ని పొడుగ్గా సాగదీస్తూనే ఉంది.