నాన్నమ్మ వెనక గీసిన గీత

అమలాపురంలో ఆర్కిటెక్టుగా పనిచేసిన మా బాబాయి కాగితం మీది ప్లానుని ఓ పట్టాన నమ్మేవారు కాదు. స్థలంలో ముగ్గు పోసి గదులు గీసి, ఇంటివాళ్లని వాటిలో తిరగమనేవారు. "ఓసారి కాపురం చేసి చూడండి, గోడలు తర్వాత కడదాం" అనేవారు.

డెబ్బైల చివర్లో మా ఊరి చర్చికీ అలాగే ముగ్గు పోశారు. అందరినీ గీతల లోపల కూర్చోబెట్టి ప్రార్థన చేద్దామన్నారు. మా నాన్నమ్మ మాత్రం గీతకి అవతల ఇసుకలో కూర్చుంది. కూలికెళ్లిన ఇళ్లలో ఆవిణ్ణి ఎవరూ ఏనాడూ గడప దాటనివ్వలేదు.

"లోపలికి రామ్మా" అన్నారు బాబాయి.

"ఇక్కడ బానే ఉందిరా. మీరు కానివ్వండి."

ఆయన మళ్లీ పిలవలేదు. ఆ గీతని కాలితో చెరిపేసి, నాన్నమ్మ వెనక నుంచి కొత్తగా ముగ్గు పోశారు.

"గోడ బయటికి పోద్దండి, కొలత తప్పుద్ది" అన్నాడు మేస్త్రి.

"తప్పితే తప్పనీండి మేస్త్రిగారూ. అమ్మ లోపలుంది" అని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ గోడ ఇప్పటికీ అక్కడ మూడడుగులు బయటికే ఉంది. పక్కనే కిటికీ, చల్లటి కాలవగాలి. ఆదివారం అక్కడ చోటు దొరకాలంటే పెందలాడే వెళ్లాలి.