సంతకాలమ్మ

ఆ వీధి సంఘానికి అధ్యక్షులు ఏడుగురు మారారు. కార్యదర్శి మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఒక్కావిడే. ఎదురుపడితే అందరూ "సెక్రటరీ గారూ" అనేవారు, ఆవిడ అటు తిరగ్గానే "సంతకాలమ్మ" అనేవారు. ఆ పేరు ఆవిడకి తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉండేది. పైగా లోపల్లోపల కాస్త మురిసిపోయేదని నా అనుమానం.

ఆ పేరు ఊరికే రాలేదు. వీధి దీపం వెలగకపోయినా, చెత్త బండి రెండ్రోజులు మొహం చాటేసినా, కుళాయి నీళ్ళు రంగు మారినా ఆవిడ అర్జీ రాసేది. రాసినదాన్ని అట్టకి క్లిప్పుతో బిగించి ఇల్లిల్లూ తిరిగేది. ఆ సంఘంలో పద్ధతి అది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి సంతకాలు చేయించడం ఎన్నడూ లేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళు సంతకం పెట్టాలి, అర్జీ మోసుకొచ్చిన మనిషి అందరి తర్వాత అట్టడుగున పెట్టాలి. మొదటి అధ్యక్షుడు పెట్టిన నియమం. ఆయన పోయాడు, నియమం మిగిలింది.

వీధిలో ఆవిడది కాక ముప్పై ఏడు ఇళ్ళు. ఓపికున్న మనిషికి రెండు సాయంత్రాల పని. ఆవిడకి వారం పట్టేది. వారం పట్టేలా చూసుకునేది అనడం న్యాయం. రోజుకి ఐదారు ఇళ్ళు దాటనిచ్చేది కాదు. ఎవరింటికైనా తాళం ఉంటే లోపల సంతోషించేది, మర్నాడు మళ్ళీ వెళ్ళొచ్చు కదా. పన్నెండో నంబరులో రిటైరైన టీచరమ్మ సంతకానికి ముందు మోకాళ్ళ సంగతి, సంతకం తర్వాత కోడలి సంగతి చెప్పేది. ఇరవై ఏడులో చెరో వాటాలో ఉండే అన్నదమ్ములకి మాటల్లేవు. అన్న దగ్గరికి వెళితే "వాడు పెట్టాడా?" అనేవాడు. తమ్ముడి దగ్గరికి వెళితే "ఆయన పెట్టాడా?" అనేవాడు. పెట్టాడంటే ఇద్దరూ పెట్టరు. అందుకని ఇద్దరికీ "ఇంకా లేదండీ, ముందు మీ దగ్గరికే వచ్చాను" అని చెప్పి, రెండో వాడి దగ్గర కాగితాన్ని బొటనవేలితో కప్పి పట్టుకునేది. పంతొమ్మిదేళ్ళూ ఆ అన్నదమ్ములు ఒకే కాగితం మీద కలిసి ఉన్నారంటే ఆవిడ బొటనవేలి చలవే.

ఆవిడ అంతకుముందు ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఊరందరి మాటలూ ఆవిడ చెవుల్లోంచే వెళ్ళేవి. ఎక్స్ఛేంజీ ఎత్తేసిన ఏడాదే పుస్తకాలకి బైండింగు చేసే భర్త గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. ఉన్నట్టుండి అటు చెవిలోనూ మాట లేదు, ఇటు ఇంట్లోనూ మాట లేదు. ఫ్రిజ్ మోత ఆగితే ఉలిక్కిపడి లేచేంత నిశ్శబ్దం ఆ ఇంట్లో. అలాంటి రోజుల్లో సంఘం వాళ్ళు రాత బాగుందని ఒక అర్జీ రాసిపెట్టమన్నారు. ఆవిడ మళ్ళీ దాన్ని వదల్లేదు.

వీధి మొత్తానికి తలలో నాలుకలా మెలిగింది. కానీ ఒక సంగతి చెప్పాలి. ఆవిడ ఇంటికి ఎవరూ వెళ్ళేవారు కాదు. గిట్టక కాదు. ఏ పనున్నా ఆవిడే వచ్చేస్తుంది, ఇంక వెళ్ళాల్సిన పనేముంది? ఇల్లు కూడా వీధి చివర మలుపు తిరిగాక ఉంది, గుమ్మం పక్క సందులోకి. సంఘం ఉత్తరాలన్నీ అధ్యక్షుడి చిరునామాకే వచ్చేవి. సెక్రటరీ గారు ఎటునుంచో వస్తారు, ఎటో వెళతారు. అంతవరకే చాలామందికి తెలుసు.

వీధికి పెద్ద బాధ మురుగు కాలువ. ఈ చివర నుంచి ఆ చివరి దాకా మూత లేకుండా పారుతుంది. దాన్ని పూడ్చి భూమిలో పైపులు వెయ్యమని ఆవిడ రాసిన అర్జీలు పేరిస్తే కాలువ సగం పూడేది. మున్సిపల్ ఆఫీసు నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు: "మీ అర్జీ పరిశీలనలో ఉన్నది." అర్జీలు తీసుకుని ముద్ర కొట్టే గుమాస్తా ఆవిణ్ణి చూడగానే ముద్ర చేతిలోకి తీసుకునేవాడు. "మీరు రాని సోమవారం నాకు ఆదివారంలా ఉంటుందండీ" అనేవాడు. ఆవిడ నవ్వేది. ఆ మాట దారి పొడవునా తలుచుకుంటూ ఇంటికొచ్చేది. మరి తలుచుకోవడానికి ఇంకేం మాటలున్నాయని?

కిందటేడు అధ్యక్షుడు మారాడు. కొత్తాయన బ్యాంకులో పని చేసే కుర్రవాడు. మంచివాడే, తొందరెక్కువ. వచ్చిన వారానికే ఫోనులో వీధి గ్రూపు పెట్టాడు. సెక్రటరీ గారిది నొక్కుడు బటన్ల పాత ఫోను. "ముప్పై ఏళ్ళు ఫోన్లు కలిపినదాన్ని, ఫోనంటే వినడానికి బాబూ, తేరిపార చూడ్డానికి కాదు" అంది. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. అలా గ్రూపులో ఆవిడ లేదు.

ఒకరోజు సాయంత్రం ఆవిడ కాలువ గురించి కొత్త అర్జీ రాసుకుని అట్ట చంకన పెట్టుకుని బయల్దేరితే, అధ్యక్షుడు స్కూటరు ఆపాడు.

"ఆంటీ, ఇంక మీరు ఎండనపడి తిరగక్కర్లేదు. గ్రూపులో పెట్టేశాను. అందరూ ఓకే కొట్టేశారు. మొత్తం పది నిమిషాలు!"

"అందరూనా?"

"ఒక్కరు మిగల్లేదు. చూడండి కావాలంటే."

ఫోను ఆవిడ మొహం ముందు పెట్టాడు. వరసగా బొటనవేళ్ళ బొమ్మలు. అన్నా తమ్ముడూ కూడా ఒకళ్ళ కింద ఒకళ్ళు కొట్టేశారు. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేసేవారు, చదువుకున్నవాళ్ళు ఇప్పుడు వేలి బొమ్మ వేస్తున్నారు అనుకుంది ఆవిడ.

"మరి కాగితం మీద సంతకాలు?"

"అక్కర్లేదట. పేరు, ఇంటి నంబరు రాసిన లిస్టు చాలన్నారు ఆఫీసులో. లిస్టులో ఉన్న ఇళ్ళకి కనెక్షన్ ఇచ్చేస్తారు."

"నాది లేదు బాబూ" అనడానికి ఎంతసేపు? అనలేదు. నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఎందుకంటే పంతొమ్మిదేళ్ళు అందరి సంతకాలూ తను అడిగింది. తన సంతకం ఎవరూ అడిగింది లేదు. అట్టడుగున తనే పెట్టుకునేది. ఈ ఒక్కసారి ఎవరైనా వచ్చి "మీది మిగిలిపోయిందండీ" అనకపోతారా అనుకుంది. అది పంతమో ఆశో చెప్పడం కష్టం. రెండూ అయుంటాయి.

ఇంటికెళ్ళి వరండా ఊడ్చింది. మడత కుర్చీలు రెండు తీసి తడిగుడ్డతో తుడిచి వేసింది. టీ పొడి ఉందో లేదో చూసుకుంది. మూడు సాయంత్రాలు అలా కూర్చుంది. సందులో ఎవరి చెప్పుల చప్పుడైనా వినబడితే వెన్ను నిటారుగా పెట్టుకునేది. నాలుగో రోజు కూరగాయల బండి దగ్గర తెలిసింది, లిస్టు ఆఫీసుకి వెళ్ళిపోయిందని. ఆవిడ కుర్చీలు మడిచి లోపల పెట్టేసింది.

ఆవిడ పంతొమ్మిదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగినా కదలనిది, ఈసారి రెండు నెలల్లో మంజూరైంది. వీధంతా ఒకటే సంబరం. ఆవిడ కూడా సంతోషించింది. మనసు కాస్త చివుక్కుమనలేదని మాత్రం చెప్పను.

పైపులు దిగాయి. తవ్వకం మొదటి ఇంటి దగ్గర మొదలై వరసగా సాగింది. ముప్పై ఏడో ఇంటి దగ్గర చివరి గొయ్యి తవ్వి, సిమెంటు వేసి, పనివాళ్ళు సామాను సర్దుకోసాగారు. ఆవిడ మలుపు దాటి వచ్చింది.

"ఇంకో ఇల్లుంది బాబూ."

మేస్త్రీ జేబులోంచి లిస్టు తీసి చూశాడు. "ముప్పై ఏడే ఉన్నాయమ్మా. ఆ సందు ఈ వీధిలోకి రాదేమో."

"నంబరు ఈ వీధిదే."

"ఉంటే లిస్టులో ఉండేదిగా? ఆఫీసులో అడగండి. పదిహేను రోజుల్లో పాత కాలువ పూడ్చేసి పైన రోడ్డేస్తాం. తర్వాత ఐదేళ్ళు తవ్వనివ్వరు. ఈలోపే చూసుకోండి."

కాలువ పూడిస్తే ఆవిడ ఇంటి మురుగుకి దారి ఉండదు. వాడిన నీళ్ళు వెనక్కి తన్ని స్నానాలగదిలోకే వస్తాయి. ఆ ఇంట్లో ఇంక ఉండటం కుదరదు. డెబ్భై దగ్గరపడుతున్న మనిషి ఎక్కడికెళుతుంది?

ఆఫీసులో ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు. ఇంటి యజమాని అర్జీ పెట్టాలి, ఆ ఇల్లు ఆ వీధిలోనే ఉందని అదే వీధివాళ్ళు ఐదుగురు సిరాతో సంతకం చేసి ధ్రువీకరించాలి. "ఇవన్నీ మీకు తెలియనివా మేడమ్" అన్నాడు. అధ్యక్షుడికి ఫోను చేస్తే నాలిక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో ఆంటీ, మీరు గ్రూపులో లేరు కదా, నాకు తట్టలేదు. వెరీ సారీ. నేను ట్రైనింగులో ఉన్నాను, పై వారం గానీ రాను. అయినా సంతకాలంటే మీ తర్వాతే కదా ఎవరైనా!" అని నవ్వాడు. పాపం, మెచ్చుకుంటున్నాననుకున్నాడు.

ఆవిడ బల్ల ముందు కూర్చుని కాగితం తీసింది. పంతొమ్మిదేళ్ళుగా "మా వీధి నివాసులందరి తరఫున" అని మొదలుపెట్టిన చెయ్యి "నేను" అని రాయడానికి మొరాయించింది. రెండు కాగితాలు ఉండచుట్టి పారేసింది. మూడోదాని మీద అలవాటైన ఆఫీసు భాషే వచ్చింది: "38వ నంబరు గృహము జాబితాలో చేర్చబడలేదు. సదరు గృహ యజమానురాలు ఒంటరి స్త్రీ. కావున దయతో పరిశీలించగలరు." చదువుకుంది. ఎవరో తెలియనావిడ గురించి రాసినట్టుంది. అలా రాస్తేనే రాయగలిగింది మరి.

అట్టకి బిగించి బయల్దేరింది. తలుపులు కొట్టడం ఆవిడకి కొత్తా? ఆ రోజు మాత్రం మొదటి మూడు ఇళ్ళ గుమ్మాల దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. వీధి దీపానికైతే నూరుసార్లు కొట్టేది. తన కోసం కొట్టాలంటే చెయ్యి లేవడం లేదు. చివరికి ఆరో నంబరు టైలరు ఇల్లు దొరికింది. ఆయన వీధి వైపు గదిలోనే మిషను పెట్టుకుంటాడు, తలుపు కొట్టక్కర్లేదు.

"రండి అక్కయ్యగారూ! చాలా రోజులైంది. మీరు రాక వీధి బోసిపోయిందనుకోండి" అంటూ ఆయన మిషను ఆపి, స్టూలు మీది గుడ్డముక్కలు కింద పడేశాడు. ఆవిడ కూర్చుంది. ఆయన అట్ట అందుకుని, అందరిలాగే చదవకుండా సంతకం గీకేశాడు. గీకాక, పేరు పక్కన తన ఇంటి నంబరు వేస్తుంటే పైన ఉన్న నంబరు కళ్ళబడింది.

"ముప్పై ఎనిమిదా? మన వీధిలో ముప్పై ఏడేగా?"

"మలుపు తిరిగాక ఒకటుందండీ."

"ఎవరుంటారు?"

నేనే అనొచ్చు. అంటే ఆయన బాధపడతాడు, నాలిక్కరుచుకుంటాడు, సారీ చెబుతాడు. ఆ వారంలో అవన్నీ ఒకసారి చూసింది. మళ్ళీ చూసే ఓపిక లేకపోయింది.

"ఒకావిడ. ఒక్కతే ఉంటుంది."

"అయ్యో. మరి లిస్టులో ఎలా పోయింది?"

"ఎవరికీ గుర్తు రాలేదు."

"ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ గుర్తు రాలేదా?" టైలరు నిజంగానే నొచ్చుకున్నాడు. నోటితో చప్పరించి, కాగితాన్ని జాగ్రత్తగా అట్ట మీద సర్ది, రెండు చేతులతో అందించాడు. "పోన్లెండి. ఆవిడకి మీరైనా ఉన్నారు."

"ఉన్నానండీ" అంది ఆవిడ, సిరా ఆరిందో లేదో చూసుకుంటూ.