అనసూయ మేడం రాసిన షరతు

మొన్న కరీంనగర్ బస్టాండ్ దగ్గర పాలు లేని చాయ్ తాగుతుంటే కట్టెల పొగవాసన తగిలింది. సగం గ్లాసు అక్కడే పెట్టేశాను. అనసూయ మేడంతో జైనూర్ అడవిలో ఒక గూడేనికి వెళ్ళినప్పుడు తాగిన చాయ్‌ది కూడా ఆ వాసనే.

మేడం శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుడి కూతురు. కరీంనగర్‌లోని మా చిన్న ఆఫీసులో నాకు పని నేర్పిన మనిషి. వానల్లో దారి తెగిపోయే గూడేలకు ముందే మందులు చేర్చే ఒక సంస్థకు మేము సమాచారం సిద్ధం చేసేవాళ్ళం. ఎక్స్ఎంఎల్ ఫైలులో ప్రతి గూడేనికీ ఒక అర, దాని లోపల దారికీ జనానికీ జబ్బులకూ చిన్న అరలు. ఎక్స్‌పాత్ భాషలో ఒక షరతు రాస్తే దానికి సరిపోయిన గూడేలే బయటికి వస్తాయి. దారి అన్న అరలో 'ఉంది' కాక వేరే మాట ఉన్నవన్నీ రావాలని ఒక ఏడాది మేడం రాసింది. వచ్చాయి. ఒక గూడేనికి మాత్రం ఆ అరే లేదు. సర్వేవాళ్ళు దారి సంగతే రాయలేదు. పోల్చి చూడటానికి ఏమీ లేదు కనుక ఆ గూడెం రాలేదు. 'ఉంది' అన్న మాట లేనివన్నీ రావాలని అడిగి ఉంటే వచ్చేది.

వానలు వెలిశాక అక్కడి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. మూర్ఛ మాత్రలు అందక భీంబాయి అనే అమ్మాయి పొయ్యి మీద పడి చేయి కాల్చుకుందని చెప్పింది. ఫైలులో లోపమని రాసి ముగిద్దామన్నారు సంస్థవాళ్ళు. మేడం మాత్రం జీపు మాట్లాడి, నన్ను వెంటపెట్టుకుని బయలుదేరింది.

గూడెంలో భీంబాయి తల్లి ముందు మేడం కింద కూర్చుని జరిగిందంతా చెప్పింది. తల్లి అంతా విని ఒకటే అడిగింది.

"మా గూడెం పేరు మీ మిషన్ల లేకుండెనా?"

"ఉండె అవ్వా. నేనే సరిగ్గ అడగలే. గిది నా తప్పు."

తల్లి తిట్టలేదు, ఊరడించనూ లేదు. బిడ్డను చాయ్ తెమ్మంది. కాలిపోయి ముడతలు పడిన చేత్తోనే భీంబాయి గ్లాసులు అందించింది. మేడం రెండు చేతులతో తీసుకుంది. ఆ షరతు రాసింది నేను కాదు. అయినా తల ఎత్తలేకపోయాను. భీంబాయి ముఖం నాకు ఇప్పుడు గుర్తులేదు, ఆ చేయి మాత్రమే గుర్తుంది.

తిరుగుదారిలో మేడంతో, గంత పరేషాన్ గావద్దని, గిది ఎవ్వలకైనా అయితదని అన్నాను. ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"గట్ల అనకు. జర సిగ్గుపడనియ్యి."

మేడం పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు షరతులు రాయడం నేనే నేర్పుతున్నాను. ఎవరిదైనా తప్పు బయటపడితే, పోనీలే అన్న మాట నా నోటిదాకా వస్తుంది. ఆపుకుంటాను. వాళ్ళ పక్కన కూర్చుంటాను, అంతే.